విచారము: టెల్కో కాలనీ వృద్ధుల గతమూ, తెలుగు స్వీయచరిత్రా

జంషెడ్‌పూరులో టెల్కో కాలనీ అన్న పేరు నేటికీ వాడుకలో ఉన్నది. ఆ పేరుకు మూలమైన సంస్థ పేరు మాత్రం లేదు. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ 1945లో ఏర్పడినది. మొదట ఆవిరి రైలింజన్లను నిర్మించి, 1954 నుండి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ వారి సహకారంతో లారీలను తయారుచేసి, 1970లో ఇంజన్ల నిర్మాణాన్ని విరమించి, 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకొన్నది. రాష్ట్రమూ మారినది. 2000 నవంబరు 15 నాటికి ముందు అది బీహారు, ఆ పిమ్మట జార్ఖండ్. ఇక ఆ కాలనీకి మొదటి రోజులలో చేరిన తెలుగువాని స్వస్థలం సంగతి చూస్తే, 1950 నాటికి గాని శ్రీకాకుళం అన్న జిల్లా ఏర్పడలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చినవి. జీవితంలో ఒక్కసారి మాత్రమే ఊరు మారిన మనిషికి ఇటు చిరునామా, అటు చిరునామా రెండూ మారిపోయినవన్నమాట. తాను పనిచేసిన కంపెనీ పేరును గాని, తాను పుట్టిన జిల్లా పేరును గాని నేటి యువకునికి చెప్పవలసి వచ్చినప్పుడు, అట్టివాడు ప్రతిసారీ 'అప్పుడు' అన్న మాటతో మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఈ 'అప్పుడు' అన్న మాటను గూర్చియే ఇక్కడ కొంత పరిశీలించవలసి ఉన్నది. వార్ధక్యంలో మనిషి తన గతాన్ని మరల చదువుకొంటాడు. చదువుకొన్నప్పుడు అది వెనుక చదివినట్లు ఉండదు. ఆ వ్యత్యాసం ఎందుచేత కలుగుతుంది, దానిని నిజాయితీగా అక్షరాలలో పెట్టుట ఎట్లు, తెలుగు స్వీయచరిత్రకారులు ఆ పనిని ఎంతవరకు చేసినారు అన్నవి రచయితలకు కావలసిన ప్రశ్నలు. టెల్కో కాలనీ వంటి చోట అవి మరింత స్పష్టంగా కనబడతాయి.

ఉక్కునగరానికి తెలుగువారు వచ్చిన దారి రైలుదారి. మద్రాసు-హౌరా మార్గం మీద శ్రీకాకుళం రోడ్డు మొదలైన స్టేషన్లలో బండి యెక్కి, రైల్వే కార్ఖానా కారణంగా అప్పటికే పెద్ద తెలుగు పేటగా రూపొందిన ఖరగ్‌పూరులో దిగి, అక్కడ బండి మారి టాటానగరం చేరేవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారూ, గంజాంలోని తెలుగువారూ ఎక్కువ. వారు బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామమందిరాన్ని నిలుపుకొన్నారు. టెల్కో ప్రాంతానికి వచ్చినవారు ఖడంగాఝార్ గుట్టమీది భువనేశ్వరి ఆలయానికి వెళ్ళి దక్షిణాది గోపురాన్ని చూచి ఊరట పొందినారు. 1950 ప్రాంతాలలో వచ్చిన తరం దాదాపు గతించినది. 1970, 80 దశకాలలో పనిలో చేరినవారు ఇప్పుడు విరమించి ఉన్నారు.

ఆ విరమణలో ఇతర ఉద్యోగాలలో అంతగా కనబడని ఒక చిక్కు ఉన్నది. కాలనీలోని ఇల్లు కంపెనీది. ఉద్యోగం ముగిసినప్పుడు క్వార్టరును అప్పగించవలెను. పిల్లలు పుట్టి పెరిగిన ఇంటిలో, తాను నాటిన మామిడిచెట్టు ఉండగానే, మరొక కుటుంబం వచ్చి చేరుతుంది. కొందరు ఛోటా గోవిందపూరులోనో బిర్సానగరులోనో చిన్న ఇల్లు కట్టుకొని అక్కడనే ఉండిపోయినారు. కొందరు స్వగ్రామానికి తిరిగి వచ్చినారు. కొందరు హైదరాబాదులోనో బెంగుళూరులోనో పిల్లల వద్దకు చేరినారు. ఏ దారి పట్టినవారికైనా జ్ఞాపకానికి ఆధారమైన గోడలు చేతిలో లేవు. పల్లెటూరి రైతు తన తండ్రి కూర్చున్న అరుగును చూపి కథ చెప్పగలడు. కాలనీవాడు చెప్పవలసినదంతా నోటిమాటతోనే చెప్పవలెను.

జ్ఞాపకాన్ని గూర్చి తెలుగులో ఉన్న మాటలను ఒకసారి పరికించినట్లయితే ఈ విషయంలో చాలా భాగం అక్కడనే దొరుకుతుంది. 'గుర్తు' అంటే ఒక చిహ్నం. రాతిమీద గీసినట్లు మనస్సుమీద పడిన గీత. 'నెమరు' పశువు నుండి వచ్చినది. తిన్నదానినే మరల నోటికి తెచ్చుకొని నమలుట. మొదటిసారి ఆకలికొద్దీ మింగినది రెండవసారి తీరికగా నమిలినప్పుడు గాని ఒంటికి పట్టదు. తెలంగాణంలో 'యాది' అన్న మాట నిత్యవ్యవహారంలో ఉన్నది. సామల సదాశివగారు తమ గ్రంథానికి ఆ పేరే పెట్టుకొన్నారు. 'పశ్చాత్తాపం' అంటే తరువాత పుట్టే తాపం. కాలినప్పుడు లేని మంట చల్లారిన తరువాత వచ్చుట.

వీటన్నిటికంటె విశేషమైనది 'విచారము'. సంస్కృతంలో దానికి ఆలోచన, పరిశీలన అని అర్థం. న్యాయస్థానంలో విచారణ జరుగుతుంది. వేదాంతి ఆత్మవిచారం చేస్తాడు. కొత్త ఊరిలో దిగినవాడు ఫలానావారి ఇల్లెక్కడ అని విచారిస్తాడు. ఆ మాటకే తెలుగువాడు దుఃఖమన్న అర్థాన్నికూడా కల్పించుకొన్నాడు. 'ఎందుకు విచారంగా ఉన్నావు?' అని అడిగినప్పుడు పరిశోధనను గూర్చి అడుగుట లేదు గదా! ఒకే మాటలో పరిశోధనా, దుఃఖమూ ఇమిడి ఉండుట యాదృచ్ఛికం కావచ్చును. అయినను వృద్ధాప్యంలో మనిషి చేసే పనికి ఇంతకంటె సరియైన పేరు దొరకదు. దుఃఖం మాత్రమే ఉండి పరిశోధన లేకపోతే అది ఏడ్పు. పరిశోధన మాత్రమే ఉంటే అది దస్తావేజు.

వృద్ధులు పాతకథలు చెప్పుటను చాదస్తమనీ, మతి సడలినదనుటకు లక్షణమనీ లోకం ఎంచుతూ వచ్చినది. పాశ్చాత్య వైద్యులు సైతం చాలాకాలం అట్లే తలచినారు. 1963లో రాబర్ట్ బట్లర్ అన్న అమెరికను మనోవైద్యుడు ఒక వ్యాసంలో దీనిని ఖండించి, వార్ధక్యంలో మనిషి తన జీవితాన్ని పునర్విమర్శ చేసుకొనుట స్వాభావికమైన ప్రక్రియ అనీ, అది అందరిలోనూ జరుగుతుందనీ ప్రతిపాదించినాడు. తెగని తగవులు, మరచిపోయిన అపరాధాలు, తీరని కోరికలు ఒకటొకటిగా పైకి వస్తాయి. వాటిని మరల కూర్చి చూచుకొన్నవారిలో కొందరికి శాంతి, కొందరికి నిస్పృహ కలుగుతుంది. అంతకుముందే, 1950లో, ఎరిక్ ఎరిక్సన్ మానవ జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించి, చివరి దశలోని సంఘర్షణ తన జీవితాన్ని సమగ్రంగా అంగీకరించుటకూ నిరాశకూ నడుమ జరుగుతుందని చెప్పినాడు. ఇద్దరు చెప్పినదానిలోనూ ఒక సామాన్యాంశం ఉన్నది. అరుగుమీద కూర్చుని చెప్పినకథనే పదిమార్లు చెప్పే వృద్ధుడు ఒక పని చేస్తున్నాడు. ఆ పని ముగియలేదు గనుకనే మరల మరల చెప్పుచున్నాడు.

ఆ పనిలో మొదటి ఆటంకం ఎక్కడ వస్తుందో టెల్కో కాలనీ జీవితం నుండి ఒక సామాన్యమైన ఉదాహరణ తీసికొని చూడవచ్చును. ఇది ఏ ఒక్క కుటుంబపు కథయు కాదు. దూరదేశంలో కొలువున్న ఎన్నో ఇండ్లలో జరిగినది. 1975 ప్రాంతాలలో పల్లెలో తల్లి చనిపోతుంది. తమ్ముడు దగ్గరి తపాలా కార్యాలయానికి పోయి తంతి ఇస్తాడు. అది కాలనీకి చేరేసరికి పెద్దకొడుకు కార్ఖానాలో డ్యూటీలో ఉంటాడు. ఇంటికి వచ్చి, తంతి చదివించుకొని, సెలవు అడిగి, చేబదులు తెచ్చుకొని, టాటానగరంలో బండి యెక్కి, ఖరగ్‌పూరులో దిగి, మద్రాసు వైపు వెళ్ళే బండికోసం ప్లాట్‌ఫారం మీద కాచుకొని, శ్రీకాకుళం రోడ్డులో దిగి, అక్కడినుండి బస్సు, ఆ తరువాత నడక. శవాన్ని అంతసేపు ఉంచరు. తలకొరివి తమ్ముడు పెట్టినాడు. పెద్దకొడుకు వచ్చేసరికి బూడిద మిగిలినది. పదవరోజు కర్మకు మాత్రం ఉన్నాడు.

ఆనాడు దానిని అతడు తప్పుగా ఎంచలేదు. ఊరూ ఎంచలేదు. 'టాటానుండి రావద్దా మరి' అని పెద్దలే సర్దిచెప్పినారు. ముప్పది, నలుబది సంవత్సరాలు గడచినవి. తంతి సేవ 2013 జులైలో దేశంలో ఆగిపోయినది. చరవాణి వచ్చినది, విమానం సామాన్యునికి అందినది, అమెరికాలోని మనుమడు మరునాటికి ఇంట్లో దిగుచున్నాడు. అప్పుడు పుట్టినది తాపం. 'ఒక్కరోజు ముందు బయలుదేరి ఉంటే!' తల్లికి జబ్బుగా ఉన్నదని అంతకు ముందు వచ్చిన కార్డు జ్ఞాపకం వస్తుంది. ఆ కార్డు చూచినవెంటనే సెలవు పెట్టవలసినదన్న నిర్ణయానికి వస్తాడు. సెలవు ఆ రోజులలో ఎంత కష్టమో, చేతిలో పైకం ఎంత ఉన్నదో, అట్టి కార్డులు ఏడాదికెన్ని వచ్చేవో అతనికి గుర్తురావు. గతాన్ని నేటి గడియారంతో కొలుస్తున్నాడు.

పశ్చాత్తాపపు ఈ స్వభావాన్ని థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అన్న మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1994లోనూ 1995లోనూ ప్రకటించిన పరిశోధనలలో వివరించినారు. కొద్దికాలం కిందటి విషయంలో మనిషి తాను చేసినదానికి ఎక్కువగా వగచుతాడు. జీవితమంతా వెనుకకు తిరిగి చూచినప్పుడు తాను చేయనిదానికే ఎక్కువగా వగచుతాడు. దానికి వారు చూపిన కారణాలలో ఒకటి రచయితలు ప్రత్యేకంగా గమనించదగినది. కాలం గడచినకొద్దీ ఆనాటి అడ్డంకుల బలం మనస్సులో తగ్గిపోతుంది. చేయగలిగి ఉండేవాడినేనన్న నమ్మకం పెరుగుతుంది. అడ్డంకి మరుగైనప్పుడు మిగిలేది అపరాధం ఒక్కటే.

కనుక ఇట్టి కథను వ్రాయబూనినవాడు చేయవలసిన మొదటిపని ఆ అడ్డంకులను తిరిగి వాటి స్థానాలలో నిలబెట్టుట. రైలు వేళ, ఖరగ్‌పూరులోని నిరీక్షణ, నెలాఖరున జేబులోని పైకం, సెలవుచీటీ. ఇవి వర్ణనకోసం కావు, న్యాయంకోసం. వాటిని పెట్టినంతమాత్రాన దుఃఖం పోదు, పోనక్కరలేదు. తల్లి మొగము చూడలేకపోయిన బాధ నిజమైనది. చూడదలచుకోలేదన్న నిందమాత్రం తరువాత తెచ్చిపెట్టుకొన్నది. ఈ రెంటినీ వేరుచేయగలిగినప్పుడు విచారము తన రెండర్థాలలోనూ సార్థకమవుతుంది.

జ్ఞాపకం పెట్టెలో దాచిన పట్టుచీర వంటిదని సామాన్యంగా అనుకొంటారు. తీసినప్పుడు మడతలు కనబడవచ్చునేమో గాని చీర అదే. కేంబ్రిడ్జిలోని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథంలో ఇది సరికాదని నిరూపించినాడు. అమెరికా ఆదివాసుల కథ నొకదానిని తన వద్దకు వచ్చిన వారిచేత చదివించి, కొంతకాలం తరువాత మరల చెప్పించగా, వారు తమకు తెలియని వస్తువులను తెలిసిన వస్తువులుగా మార్చి చెప్పినారు; దొన్నె మామూలు పడవ అయినది, సీలు వేట చేపలవేట అయినది. ఎవరూ అబద్ధమాడలేదు. ఇది బట్టను దాచుట వంటిది కాదు, ప్రతిసారీ మరల నేయుట వంటిది. ఉత్తరాంధ్ర నేతగాండ్రకు ఈ ఉపమానం విడమరచి చెప్పనక్కరలేదు.

మరొక విశేషమున్నది. నడివయస్సు దాటినవారిని జ్ఞాపకాలు చెప్పుమని అడిగినప్పుడు పదవయేటికీ ముప్పదవయేటికీ నడుమ జరిగినవే ఎక్కువగా చెప్పుతారని పరిశోధకులు గమనించినారు. మొదటి ప్రయాణం, మొదటి జీతం, వివాహం, తొలి సంతానం ఆ కాలంలోనివే. కాలనీవాసికి ఊరు విడచుట కూడా ఆ కాలంలోనిదే. అందుచేత అతని కథలో పల్లెటూరూ, కొలువులోని తొలి సంవత్సరాలూ దీర్ఘంగా ఉంటాయి. ఆ పిమ్మటి ముప్పదేండ్లు, పగలు, సాయంత్రం, రాత్రి అన్న మూడు షిఫ్టులలో తిరిగిన ముప్పదేండ్లు, ఒక్క దినంగా కుదించుకొనిపోతాయి. తెలుగు స్వీయచరిత్రలలోనూ ఇదే కనబడుతుంది. ఆదిభట్ల నారాయణదాసుగారి 'నా యెఱుక' ఆయన యౌవనం ముగిసేసరికే ఆగుతుంది. గ్రంథం వెలువడినది మాత్రం ఆయన 1945లో గతించిన ముప్పది యేండ్లకు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ' మూడు సంపుటాలుగా సాగికూడా బాల్యయౌవనాలలోనే ఎక్కువగా నిలిచినది. వారు తక్కిన జీవితాన్ని దాచిపెట్టినారనుట పొరపాటు. పాఠకుడు తెలుసుకొనగోరినది అందులో లేకపోవచ్చును గాని, జ్ఞాపకం తన బరువును ఎక్కడ దించుకొన్నదో దానిని అవి నిజాయితీగా చూపినవి.

మరల చదువుకొనుటలో మోసం లేకపోలేదు. దానికి మహాభారతం ఆదిపర్వంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. యుద్ధం ముగిసి నూర్గురు కొడుకులూ పోయిన తరువాత ధృతరాష్ట్రుడు సంజయునితో గతాన్ని నెమరు వేసుకొంటాడు. ద్రౌపదీ స్వయంవరం మొదలుకొని ఒక్కొక్క సంఘటననూ పేర్కొని, అది విన్ననాడే తనకు విజయాశ నశించినదని శ్లోకం వెంట శ్లోకంగా చెప్పుతాడు. వినుటకు హృదయవిదారకమైన విలాపం. అయితే అదే వ్యాసుడు సభాపర్వంలో ద్యూతం జరుగుచున్నప్పటి ధృతరాష్ట్రుని చూపినాడు. అక్కడ ఆ వృద్ధరాజు సంతోషాన్ని దాచుకొనలేక, గెలిచినామా గెలిచినామా అని మరల మరల అడుగుచుండినాడు. ఆశ నశించినవాడు అట్లు అడుగడు. తరువాత కలిగిన జ్ఞానాన్ని వెనుకకు తీసికొనిపోయి ఆనాటి తన మనస్సులో పెట్టినాడు. ముందే తెలిసినదన్న వానికి తెలియనితనపు సిగ్గు ఉండదు. తెలిసియు ఆపలేకపోయినానన్న జాలి మాత్రమే మిగులుతుంది. సంజయుడు కాలమహిమను చెప్పి ఊరడించినాడు గాని, ద్యూతసభను గుర్తుచేయలేదు. దుఃఖంలో ఉన్న రాజుకు అది గుర్తుచేయుట సంజయునికి ధర్మం కాదేమో. గ్రంథకర్త మాత్రం రెంటినీ పాఠకుని ముందు ఉంచినాడు.

రామాయణంలోని దశరథుడు దీనికి భిన్నుడు. రాముడు అడవికి పోయిన ఆరవరాత్రి నడిజామున, కౌసల్య పరుషవాక్యాలు విన్న పిమ్మట, అతనికి యౌవనంలో చేసిన పని ఒకటి జ్ఞాపకం వస్తుంది. చీకటిలో కుండ నీరు నింపుకొనుచున్న చప్పుడును ఏనుగు నీరు త్రాగుచున్న చప్పుడుగా భావించి, శబ్దాన్నిబట్టి బాణం వేసి ముని కుమారుని చంపినాడు. ఎన్నో యేండ్లు అణగియున్న ఆ సంగతికి ఈనాటి పుత్రవియోగం అర్థం కల్పించినది. ఇది కూడా గతాన్ని క్రొత్తగా చదువుటయే. కాని దశరథుడు ఆనాటి తన మనస్సును మార్చి చెప్పలేదు. శబ్దవేధి అన్న కీర్తిమీద తనకుండిన మోజును, వానకారులో వేటకు పోయిన ఉత్సాహాన్ని, వాటిని వాటిగానే చెప్పినాడు. ఆనాటి గర్వమూ ఈనాటి ఎరుకయూ పక్కపక్కన నిలిచినవి. చెప్పినది కౌసల్యకు, అనగా ఆ తప్పు ఫలితాన్ని తనతోపాటు అనుభవించుచున్న మనిషికి. ఈ రెండు వృద్ధుల కథలను పోల్చి చూచినవారికి స్వీయచరిత్రలో సత్యమెక్కడ ఉంటుందో వేరే లక్షణగ్రంథం అక్కరలేదు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'స్వీయచరిత్రము' రెండు భాగాలలో తేదీలు, పేర్లు, తగవులు సమగ్రంగా ఉన్నవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది మొదలైన సంఘటనలకు అది ప్రమాణగ్రంథం. అయితే ప్రత్యర్థులనేకులు సజీవులై ఉండగా వ్రాసినది కావడంచేత అందులో సమర్థన పాలు హెచ్చు. విచారణ ఉన్నది, విచారం తక్కువ. ఆ కాలపు అవసరం అటువంటిది. పంతులుగారు ఇంకను పోరాటంలోనే ఉన్నారు. చలం 1950లో అరుణాచలం చేరి, 1979లో గతించేవరకు అక్కడనే ఉండి, ఆ ఆశ్రమ వాతావరణంలోనుండి తన వెనుకటి జీవితాన్ని చూచి ఆత్మకథ వ్రాసినాడు. వెనుకటి చలాన్ని నిరాకరించి పారవేయుట అక్కడ చాలా సులభమైన పని. పాఠకులలో కొందరు దానినే ఆశించినారు కూడా. ఆ సౌకర్యాన్ని ఆయన పూర్తిగా వాడుకొనలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' 2012లో వెలువడేనాటికి ఆమె తొంబదియవ యేడు దాటినది. బాలవితంతువుగా మొదలై, పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్తతో ఎడబాటు, కొడుకునూ కూతురునూ పోగొట్టుకొనుట, కాకినాడలో హాస్టలు ఉద్యోగం, ఇన్నింటిని దాటివచ్చిన మనిషి. అంత నష్టం తరువాత వెనుకకు చూచేవారికి రెండు తేలికదారులు ఉంటాయి. అంతా వ్యర్థమనుట ఒకటి, అంతా త్యాగమనుట మరొకటి. ఆమె రెంటిలో దేనినీ పట్టలేదు. పార్టీమీద ఆనాడు తనకుండిన నమ్మకం నమ్మకంగానే ఉన్నది. పోగొట్టుకొన్నది పోగొట్టుకొన్నదిగానే ఉన్నది. అందుచేతనే ఆ చిన్న పుస్తకం కొన్ని పెద్ద స్వీయచరిత్రలకంటె బరువుగా తోస్తుంది.

వీరందరూ రచయితలు, లేదా ప్రజాజీవితంలో పేరుపొందినవారు. కార్ఖానా తెలుగువానికి ఇట్టి గ్రంథాలు అరుదు. అతని సంగతి వచ్చేసరికి మరొక చిక్కు ఎదురవుతుంది. అతని జ్ఞాపకాన్ని చరిత్రతో పోల్చి తప్పొప్పులు దిద్దబోతే ఏమవుతుంది?

ఇటలీలో టెర్ని అన్న ఉక్కు పట్టణమున్నది. అక్కడ 1949 మార్చి 17న, ఇటలీ నాటో కూటమిలో చేరుటను నిరసించిన ప్రదర్శనలో లూయీజీ త్రస్తుల్లి అన్న యువ కార్మికుడు పోలీసుల వలన మరణించినాడు. ముప్పది యేండ్ల తరువాత అలెస్సాంద్రో పోర్తెల్లి అన్న పండితుడు అక్కడి కార్మికుల నోటి మాటలను సేకరించగా, చాలామంది ఆ మరణం 1953లో, వేలాదిమందిని పనినుండి తొలగించినప్పటి ఆందోళనలో జరిగినదని చెప్పినారు. తేదీ తప్పు. పోర్తెల్లి దానిని దిద్ది ఊరకుండలేదు, తప్పుదారి పట్టిన జ్ఞాపకమని త్రోసివేయనూ లేదు. అందరూ ఒకే విధంగా ఎందుకు తప్పు చెప్పుచున్నారని విచారించినాడు. తోటివాని మరణానికి తాము ఏ ప్రతిక్రియా చేయలేకపోయిన అవమానం ఆ కార్మికులను బాధించినది. దానిని తాము నిజంగా వీధులలో పోరాడిన సంవత్సరానికి మార్చుకొన్నప్పుడు గాని ఆ మరణానికి వారి మనస్సులలో చోటు కుదరలేదు.

జంషెడ్‌పూరు కూడా ఉక్కు పట్టణమే. అక్కడ 1958 మేలో టాటా ఉక్కు కర్మాగారంలో కమ్యూనిస్టుల నాయకత్వాన పెద్ద సమ్మె జరిగినది. సమ్మెలో నిలిచినవాడూ, లోపలికి పోయి పనిచేసినవాడూ ఇరుగుపొరుగు ఇండ్లలో బ్రతికిన నగరమది. ఏ సమ్మెలోనైనా గేటు లోపలికి నడచిన మనిషి ఆనాడు పిల్లల కడుపును తలచి నడచి ఉండవచ్చును. అదే మనిషి వృద్ధాప్యంలో, తాను ఆనాడు జబ్బుగా ఉన్నాననో, ఊరికి పోయి ఉన్నాననో మనస్ఫూర్తిగా చెప్పవచ్చును. పోర్తెల్లి పద్ధతిని అనుసరించే రచయిత ఆ మాటను అబద్ధమని కొట్టివేయడు, నిజమని అచ్చొత్తించడు. హాజరుపట్టీలో ఉన్నదీ, ముసలివాడు చెప్పినదీ రెండూ వ్రాసి, నడుమనున్న దూరాన్ని చూపుతాడు. ఆ దూరమే ఆ మనిషి చరిత్ర.

భార్యల జ్ఞాపకం మరొక దారిన నడుస్తుంది. భర్త కథలో ప్రమోషను వచ్చిన సంవత్సరం ముఖ్యం. ఆమె కథలో అతడు రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు పిల్లవానికి జ్వరం వచ్చి, భాష రాక, పక్కింటి బెంగాలీ ఇల్లాలిని సైగలతో లేపుకొని వచ్చిన రాత్రి ముఖ్యం. హిందీ నేర్చినది ఎవరివద్ద, ఒడియా పండుగకు మొదటిసారి ఎవరు పిలిచినారు, పల్లెలో అత్తగారికి జాబు ఎవరిచేత వ్రాయించినది, ఇవన్నీ ఆమెకు సన్నిహితంగా గుర్తుంటాయి. ఒకే ఇంటిలో రెండు గతాలు ఉంటాయి. విరమణ తరువాత మొదటిసారిగా రోజంతా ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అవి ఒకదానికొకటి ఎదురుపడతాయి. 'అది అట్లు కాదండీ' అని ఆమె అడ్డుతగిలిన చోటనే రచయిత కలం పట్టుకొనవలెను. సామాన్యంగా సేకర్తలు అక్కడనే ఆమెను ఊరకుండుమని భర్తవైపు తిరుగుతారు.

ఇక భాష సంగతి. కాలనీలోని వృద్ధుని తెలుగులో డ్యూటీ, గేట్‌పాస్, ఫౌండ్రీ, ఛుట్టీ, బస్తీ మొదలైన మాటలు సిక్కోలు పలుకుబడితో కలిసి నడుస్తాయి. జీతం అందుకొన్ననాటి సంగతి చెప్పేటప్పుడు తన్‌ఖా అనే అంటాడు, ఏలనగా ఆనాడు ఆ మాటతోనే అందుకొన్నాడు. అమ్మ సంగతి చెప్పేటప్పుడు ఊరి మాటలోనికి పోతాడు. ఏ జ్ఞాపకం ఏ భాషలో పుట్టినదో ఆ భాషలోనే పైకి వస్తుంది. దానిని గ్రాంథికంలోనికో పత్రికల తెలుగులోనికో చదును చేసినప్పుడు వాక్యం అందగించవచ్చును. అతడు ఎక్కడ నిలబడి మాట్లాడుచున్నాడో ఆనవాలు పోతుంది. శ్రీపాదవారు గోదావరి మండలపు ఇండ్లలోని పలుకును చెక్కుచెదరకుండా కాగితంమీద నిలిపినారు. ఛోటా గోవిందపూరులోని పలుకుకు అట్టి గౌరవం ఇంకను దక్కలేదు.

వ్రాసేవారెవరన్నది తేలవలసి ఉన్నది. కాలనీలో పెరిగిన పిల్లలలో చాలామంది హిందీ, ఇంగ్లీషు బడులలో చదివినవారు. తెలుగు మాట్లాడగలరు, లిపి రాదు. తండ్రి నోటుపుస్తకంలో తెలుగున వ్రాసి పెట్టినా అది వారికి మూసిన తలుపే. ఈ సందర్భంలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ఉదంతం ఉపకరిస్తుంది. ఆయన కంటిచూపు కోల్పోయిన తరువాత తన స్వీయచరిత్రను ఇతరులచేత వ్రాయించినారు. చెప్పేవాడొకడు, వ్రాసేవాడొకడు అయినప్పుడు గ్రంథానికి లోటు రాదని తెలుగు సాహిత్యం అప్పుడే చూచినది. నేడు చేతిలోని ఫోనులో మాటను పట్టి ఉంచవచ్చును; మనుమరాలికి అక్షరాలు రాకపోయినా ప్రశ్న అడుగుట వచ్చును.

ఏ ప్రశ్న అడగవలెనన్నదే ముఖ్యం. 'అప్పుడేమి జరిగినది తాతా?' అని అడిగితే పదిమార్లు చెప్పిన కథే పదకొండవమారు వస్తుంది. 'అది మంచిదే అయినదా?' అని అడిగితే తీర్పు వస్తుంది. తంతి చేతికి వచ్చిన సాయంత్రం నీ జేబులో ఎంత ఉన్నది, సెలవు ఎవరినడిగినావు, ఖరగ్‌పూరులో బండికోసం ఎంతసేపు కూర్చున్నావు, అక్కడ కూర్చున్నప్పుడు ఏమి తలచుకొన్నావు అని అడిగినప్పుడు ముసలివాడు కొంతసేపు మాట్లాడడు. తరువాత మొదలుపెట్టేది వెనుక ఎన్నడూ చెప్పనిదై ఉంటుంది.